పరకాల దగ్గర మా చెల్కలో పారామోటార్ ఎగరేయొచ్చా? సెకండ్ హ్యాండ్ సెట్ మూడున్నర లక్షలకు ఇస్తానంటున్నారు

పరకాల_పోరగాడు
పుణె దగ్గర కామ్‌షెట్‌లో పారాగ్లైడింగ్ బేసిక్ కోర్సు చేసొచ్చాను. అప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఇంటికొచ్చి చూస్తే వరంగల్ చుట్టూ అలాంటి కొండ ఒక్కటీ కనపడదు, ఉన్నవన్నీ బండరాళ్ల గుట్టలు. ఎగరాలంటే ప్రతిసారీ సెలవు పెట్టి పుణె వైపు రైలెక్కాలి. అందుకే వీపున మోటార్ తగిలించుకుని, అంటే పారామోటార్‌తో, ఇక్కడే ఎగరాలని అనుకుంటున్నా. పరకాల దగ్గర మాకు నాలుగెకరాల చెల్క ఉంది, పత్తి ఏరడం అయిపోయాక ఖాళీయే. ఒకాయన వాడిన వింగ్ (బట్ట రెక్క), 185 సీసీ మోటార్, హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీల సీటు) అన్నీ కలిపి మూడున్నర లక్షలకు ఇస్తానంటున్నాడు. వింగ్‌కు ఐదేళ్లే, కొత్తదానిలా ఉందట. రెండు రోజుల్లో తనే నేర్పిస్తాడట. అమ్మకు ఒకటే టెన్షన్. నాన్న ఏమీ అనడం లేదు, అది ఇంకా టెన్షన్. అనుమతి ఎవరివ్వాలో ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడికి పోతే మళ్లీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. ఈ పని తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

హన్మకొండ_హర్ష
మేడారం జాతరకు హెలికాప్టర్ నడిపితేనే మా వాడకట్టంతా మెడలెత్తి చూసింది. నువ్వు ఎగిరితే పరకాలలో జాతరే తమ్మీ.

ఇందూరు_రెక్క
ముందు డబ్బు ఇవ్వకు తమ్ముడూ. నేను నిజామాబాద్ నుంచి ఏటా అక్టోబరులో హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ వెళ్లి ఎగురుతాను, వింగ్‌లు కొన్నాను, అమ్మాను కూడా. "కొత్తదానిలా ఉంది" అనే మాటకు అర్థమే లేదు. వింగ్ బట్ట కంటికి మెరుస్తూనే ఉంటుంది, లోపల ఎండకు పూత పోయి గాలి వదిలేస్తుంటుంది. దాన్ని కొలిచే మీటర్ ఉంటుంది. కొంత గాలి బట్టలోంచి బయటకు పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అది చెబుతుంది. సెకన్లు తగ్గాయంటే బట్ట పని అయిపోయినట్టే.

దానికంటే పెద్ద విషయం లైన్లు, అంటే వింగ్‌ను మనిషికి కలిపే సన్నటి తాళ్లు. ముందు వరుస లైన్లు ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి సాగుతాయి. వెనక వరుసల మీద బరువు తక్కువ, అవి కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి. రెండూ కలిసి వింగ్ ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది, స్టాల్‌కు (వింగ్ ఎగరడం మానేసి పడిపోయే స్థితికి) దగ్గరవుతుంది. టేకాఫ్‌లో వింగ్ తల మీదికి రాకుండా వెనకే వేలాడుతుందంటే చాలాసార్లు కారణం ఇదే. లైన్ల పొడవు మిల్లీమీటర్లలో కొలిచి తయారీదారు పట్టికతో పోల్చాలి. ఇది చేసి రిపోర్టు ఇచ్చే వర్క్‌షాపులు బీర్‌లో ఉన్నాయి, కామ్‌షెట్ వైపూ ఉన్నాయి. అమ్మేవాడు వింగ్‌ను అక్కడికి పంపడానికి ఒప్పుకుంటేనే బేరం మాట్లాడు.

ఆ వింగ్ ఈఎన్ (యూరప్ భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్‌లో ఏ తరగతి? నీ బరువెంత?

పరకాల_పోరగాడు
అక్కా, ఈఎన్ బి. లోపల చీటీ మీద 85 నుంచి 105 కిలోలు అని ఉంది. నా బరువు 82. సరిపోయినట్టేగా?

ఇందూరు_రెక్క
సరిపోదు. ఆ అంకె నీ ఒంటి బరువు కాదు, గాల్లోకి లేచే మొత్తం బరువు. నువ్వు 82, మోటార్ 25 నుంచి 30, పది లీటర్ల పెట్రోలు ఏడున్నర కిలోలు, వింగ్ ఐదారు, హెల్మెట్, బూట్లు, రిజర్వ్ పారాచూట్. అన్నీ కలిపితే 125 దాటిపోతావు. కొన్ని కంపెనీలు మోటార్‌తో ఎగరడానికి వేరే పరిధి రాసి ఇస్తాయి, ఆ మోడల్ మాన్యువల్ తెరిచి చూడు. అందులో లేకపోతే ఆ వింగ్ నీది కాదు. బరువు మించితే వింగ్ వేగంగా పోతుంది, మడత పడినప్పుడు అంతే విసురుగా తిరుగుతుంది.

రిజర్వ్ గురించి ఆయన ఏమీ చెప్పలేదా? చివరిసారి విప్పి మడిచింది ఎప్పుడో అడుగు. ఏడాదికోసారైనా విప్పి, గాలికి ఆరబెట్టి, మళ్లీ మడవాలి.

టూస్ట్రోక్_తిరుపతి
అక్క చెప్పింది వింగ్ సంగతి. మోటార్ సంగతి నేను చెప్తా. కరీంనగర్‌లో మాకు ఇంజిన్ల వర్క్‌షాపు ఉంది, పారామోటార్లు కూడా వస్తుంటాయి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది. ఎక్కువ కాలం ట్యాంకులో వదిలేస్తే నీళ్లు అడుక్కి చేరొచ్చు. ఈ మోటార్ల కార్బ్యురేటర్‌లో పల్చటి రబ్బరు పొర ఉంటుంది, అది గట్టిపడిపోతుంది. అప్పుడు ఇంజిన్‌కు అందాల్సినంత పెట్రోలు అందదు, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతోనే ఆయిల్ కూడా వెళ్తుంది కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే.

పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే చూడొచ్చు. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో కొన్ని నీళ్లు పోసి, మట్టం గుర్తు పెట్టి, పైన పెట్రోలు పోసి, మూత బిగించి ఊపు. కాసేపు ఆగితే అడుగున నీళ్ల మట్టం పెరిగి కనిపిస్తుంది. పెరిగినంతా ఇథనాలే. ఎగరడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో మిగిలింది కూడా కాల్చేసి పెట్టు.

కొనేముందు సైలెన్సర్ విప్పి పిస్టన్ గోడలు చూడాలి. గీతలు పడి ఉంటే లోపల బాగు చేయడానికే మంచి ఖర్చు. మోటార్ నా దగ్గరికి తెస్తే ఊరికే చూసిపెడతా.

గట్టు_మీద_గద్ద
ఇంత ఖర్చెందుకు? మోటార్ లేకుండా జీపుకు తాడు కట్టి లాగితే పారాగ్లైడర్ పైకి లేస్తుంది. బీచ్‌ల దగ్గర చేసేది అదేగా.

ఇందూరు_రెక్క
అన్నా, దయచేసి ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పకండి. బీచ్‌లో లాగేది గుండ్రటి పారాసెయిల్, ఇది వేరు. పారాగ్లైడర్‌ను తాడుతో లాగుతున్నప్పుడు వింగ్ ఒక పక్కకు వాలితే, తాడు లాగుడు దాన్ని ఇంకా అదే పక్కకు గుంజుతుంది. ఒక దశ దాటాక బ్రేకులు ఎంత పట్టినా వెనక్కి రాదు, నేలకు కొట్టేస్తుంది. దీన్ని లాకౌట్ అంటారు. పద్ధతిగా ఇలా లాగేచోట లాగుడు ఒక హద్దు దాటకుండా చూసే వించ్ (తాడు చుట్టే యంత్రం), పైలట్ చేతిలో తాడు వదిలే రిలీజ్, రేడియో, అనుభవమున్న ఆపరేటర్, కోసేయడానికి కత్తి అన్నీ ఉంటాయి. జీపు డ్రైవర్‌కు వెనక ఏం జరుగుతుందో కూడా కనపడదు.

గట్టు_మీద_గద్ద
ఈ లాకౌట్ సంగతి ఎప్పుడూ వినలేదు మేడమ్. మంచి మాట చెప్పారు.

కాజీపేట_కెప్టెన్
నాది వేరే సలహా. మామునూరులో ఎన్‌సీసీ గ్లైడర్ ఎక్కిన కాలం నుంచి ఎగరడం అంటే ప్రాణం. తర్వాత పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) తీసుకుని, నలుగురు స్నేహితులం కలిసి రెండు సీట్ల మైక్రోలైట్ (తేలికపాటి చిన్న విమానం) వాటాగా పెట్టుకున్నాం. బట్ట రెక్క మీద ప్రాణం పెట్టేకంటే గట్టి రెక్కల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. గాలి తోసినా మైక్రోలైట్ రెక్క మడత పడదు. కంట్రోళ్లన్నీ చేతిలో, కాళ్ల కింద ఉంటాయి.

అయితే దానికి దారి పొడవు. పదహారేళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్స్, పదిహేడుకు పీపీఎల్. క్లాస్ 2 మెడికల్, రాతపరీక్షలు, నలభై గంటల ఫ్లయింగ్. మన దేశంలో రెండు సీట్ల మైక్రోలైట్ మొత్తం బరువు 450 కిలోలు దాటకూడదు. విమానానికి వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషన్, ఏటేటా చెకింగ్, బీమా, హ్యాంగర్ అద్దె. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, వాటాదారులు కావాల్సిందే.

నాదర్‌గుల్_నాని
సార్, హ్యాంగర్ ఎక్కడ దొరుకుతుంది? వరంగల్ వాళ్లకు దగ్గరలో ఏముంది? నేను పీపీఎల్ కోసం హైదరాబాద్‌లో రూమ్ తీసుకున్నా, పొద్దున నాలుగింటికి లేచి నాదర్‌గుల్ పోతున్నా.

కాజీపేట_కెప్టెన్
అదే కదా నాని బాధ. మామునూరు ఎయిర్‌పోర్టు 1930లో నిజాం కట్టించింది, 1981 దాకా విమానాలు దిగాయి. తర్వాత అంతా గడ్డి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది కానీ అది ప్రయాణికుల విమానాల కోసం. బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వే ఉంది, అదీ వాడుకలో లేదు. ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్ ఎయిర్‌ఫోర్స్ స్థలం. ఇంత పెద్ద ఉత్తర తెలంగాణలో ఒక చిన్న విమానం పెట్టుకోవడానికి చోటు లేదు. మామునూరులో పెద్ద విమానాలతో పాటు ఒక మూల ఫ్లయింగ్ క్లబ్‌కు షెడ్డు ఇవ్వాలని మనందరం అడగాలి. కట్టడం మొదలుకాకముందే అడిగితేనే ప్లాన్‌లో చోటు ఉంటుంది.

ఎస్సారెస్పీ_కాలువ
కెప్టెన్ సార్ అడిగింది న్యాయం. కానీ పారామోటార్ గురించి చెప్పింది ఒప్పుకోను. గాల్లో ఇంజిన్ ఆగితే మైక్రోలైట్‌కు దిగడానికి పొడవైన చదును నేల కావాలి. పారామోటార్ గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఉంటుంది, ఎదురుగాలిలో దిగితే ఇంకా తక్కువ. అర ఎకరం మడిలో నిలబడి దిగొచ్చు. నాకు సుల్తానాబాద్ దగ్గర ఇంజిన్ ఆగింది, కోసిన వరి మడిలో నడుచుకుంటూ ఆగాను.

కాజీపేట_కెప్టెన్
ఇంజిన్ ఆగినప్పటి సంగతి నిజమే, ఒప్పుకుంటాను. గాలి చెడ్డప్పటి సంగతి నేను చెబుతున్నాను. ఏప్రిల్ మధ్యాహ్నం దున్నిన చెల్క మీద సుడిగాలి లేచినప్పుడు నువ్వు బట్ట రెక్క కింద ఉండకూడదు.

ఎస్సారెస్పీ_కాలువ
అక్కడ నేనూ మీతోనే. ఏప్రిల్ మధ్యాహ్నం ఎవరూ ఎగరకూడదు. మన దగ్గర పారామోటార్‌కు కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. పొద్దున మంచు విడిచాక తొమ్మిది లోపు, లేదంటే సాయంత్రం చివరి గంట. మార్చి దాటితే ఎండకు గాలి పల్చబడుతుంది. టేకాఫ్‌కు ఎక్కువ దూరం పరిగెత్తాలి, మోటార్ బలం కూడా తగ్గుతుంది. సాయంత్రం గాలివాన ఎప్పుడొస్తుందో తెలియదు.

కొత్తవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది. చలికాలం పొద్దున కింద ఆకు కదలదు. కానీ వెయ్యి అడుగుల పైన చల్లగాలి పొర దాటగానే గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల గాలి ఉండొచ్చు. వింగ్ వేగం ముప్పై ఎనిమిది. ఎదురు తిరిగితే ముందుకు పోవడమే కష్టం, ఒక్కోసారి వెనక్కే పోతుంటావు. పైకి పోతున్నప్పుడు మధ్యమధ్యలో గాలికి ఎదురు తిరిగి జీపీఎస్‌లో నేల మీద వేగం చూసుకో. పడిపోతుంటే దిగిరా. కింద ఎవరైనా వరికొయ్యలు కాలుస్తుంటే పొగ ఎటు వాలుతుందో చూడు, అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

జమ్మికుంట_పత్తి
నేను రైతును, ఎగరను. అయినా చెప్పాల్సింది ఉంది. పోయినేడు మా పొలంలో ఒకాయన మోటార్‌తో దిగాడు. ఆయన దిగినందుకు నాలుగు మొక్కలు పోయాయి. చూడ్డానికి ఉరికొచ్చిన జనం తొక్కినందుకు పావెకరం పోయింది. ఆయన చెయ్యి ఊపుకుంటూ కారెక్కి పోయాడు, ఆగి ఒక్క మాట మాట్లాడలేదు. ఎగిరేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ ఊళ్లో ఎగిరినా సరే, దిగే దారిలో ఉన్న రైతులందరికీ ముందే చెప్పండి, నష్టం జరిగితే అక్కడికక్కడే కట్టండి.

ఇక తమ్ముడూ, పత్తి ఏరాక చెల్క ఖాళీ అన్నావు. పత్తికట్టె సంగతి మరిచిపోతే ఎట్లా? నిలబడి ఉన్న కట్టె మీద ఆ సన్నటి తాళ్లు పరిస్తే ఒక్కటీ విడిపడదు. కట్టె పీకి రోటవేటర్ కొట్టించాకే పనికొస్తుంది, అంటే ఫిబ్రవరి. వానాకాలం వరి కోసిన మడి నవంబరు, డిసెంబరుల్లో ఖాళీగా ఉంటుంది, యాసంగి నాట్లకు నీళ్లు పెట్టే దాకా. కాకపోతే గట్లు చూసుకుని పరిగెత్తాలి.

పరకాల_పోరగాడు
అన్నా, పత్తికట్టె ఆలోచన నాకు తట్టనే లేదు. మా బాబాయి వాళ్ల వరి మడి ఊరి బయట ఉంది, అడుగుతా. ముందు చెప్పకుండా ఎవరి పొలంలోనూ దిగను, మాటిస్తున్నా.

హన్మకొండ_హర్ష
సంక్రాంతి వారం మాత్రం వద్దు. మా అన్నయ్య పిల్లల మాంజాకు గద్దలే తప్పించుకోలేకపోతున్నాయి.

ఇందూరు_రెక్క
నవ్వుతూ అన్నా నిజమే హర్షా. గాజుపొడి మాంజా వింగ్ లైన్‌ను కోసేయగలదు, మన లైన్లు మిల్లీమీటరు మందమే. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2017లోనే నిషేధించింది, ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పండగ ముందు వెనక ఊళ్ల దగ్గర ఎగరొద్దు.

టూస్ట్రోక్_తిరుపతి
కరెంటు తీగల గురించి ఎవరూ రాయలేదు. బోరు బావుల కోసం మన పొలాల్లో ప్రతి గెట్టు మీదా తీగే. పైనుంచి తీగ కనపడదు, స్తంభాలే కనపడతాయి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉందనే అనుకోవాలి. దాటాల్సి వస్తే స్తంభం తలమీదుగా, బాగా ఎత్తులో దాటాలి. చెరువుల మీద కూడా కిందుగా పోకూడదు. వీపున మోటార్‌తో నీళ్లలో పడితే అది తలకిందులు చేసి ముంచుతుంది. పాకాల మీద ఫొటో బాగుంటుందని చాలామందికి ఆశ. నీళ్లలో పడగానే ఉబ్బే ఫ్లోట్లు మోటార్ ఫ్రేమ్‌కు కట్టుకోనివాళ్లు ఒడ్డు వదిలి పోకండి.

ఇంకోటి. నా దగ్గరికి వచ్చే దెబ్బలు గాల్లోవి తక్కువ, నేల మీదివి ఎక్కువ. స్టార్ట్ చేస్తుంటే థ్రాటిల్ పట్టేసి ఉంటుంది, మోటార్ ముందుకు దూకుతుంది, చెయ్యి ప్రొపెల్లర్‌లో పడుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు దగ్గర పిల్లలు, కుక్కలు ఉండకూడదు.

నాదర్‌గుల్_నాని
అనుమతి సంగతి ఎవరూ తేల్చలేదు.

కాజీపేట_కెప్టెన్
నాకు తెలిసినంత చెప్తాను. 2022 జూన్‌లో జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ వచ్చింది. పదకొండు క్రీడలు అందులో ఉన్నాయి, పారాగ్లైడింగ్, పారామోటారింగ్ కలిపి ఒకటి. మైక్రోలైట్లు ఇంకోదాంట్లో. పైన ఎయిర్ స్పోర్ట్స్ ఫెడరేషన్, కింద ఒక్కో క్రీడకు ఒక్కో సంఘం అని ఏర్పాటు. ఆ సంఘం ద్వారా పోవడం మొదటి మెట్టు. ఇది కాక జిల్లా పోలీసులకు రాతపూర్వకంగా చెప్పి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15, ఎన్నికలు, వీఐపీ పర్యటనల ముందు డ్రోన్లు, పారాగ్లైడర్లు, మైక్రోలైట్లు ఎగరకూడదని కమిషనర్లు ఉత్తర్వులు ఇస్తుంటారు. ఆ రోజుల్లో ఎగిరితే కేసే. రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి గనుల వైపు అసలు పోకూడదు.

ఇంకో విషయం, మీ నాన్నగారి కోసం. టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ప్రమాదకరమైన అలవాట్ల గడిలో ఎగురుతానని రాయి. ప్రీమియం పెరిగినా సరే, దాచొద్దు.

పరకాల_పోరగాడు
అమ్మేవాడికి ఫోన్ చేశాను. వింగ్‌ను చెకింగ్‌కు పంపుతామంటే "నమ్మకం లేకపోతే కొనొద్దు" అని పెట్టేశాడు. రిజర్వ్ ఎప్పుడు మడిచారో తెలియదట. ఆ బేరం వదిలేశాను. మీరంతా చెప్పాక అమ్మకు కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. "వీళ్లెవరో బుద్ధి ఉన్నవాళ్లలా ఉన్నారు, వీళ్లు పొమ్మంటే పో" అంది. నాన్న మాత్రం కోర్సు ఫీజు ఎంతని అడిగారు.

ఇందూరు_రెక్క
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మోటార్ కోర్సు విడిగా చెయ్యి, కొండ మీద నేర్చుకున్నది సగమే పనికొస్తుంది. మోటార్ తోసేటప్పుడు వింగ్ ఒక పక్కకు తిరుగుతుంది, దాన్ని సరిచేయడం గురువు పక్కనుండగా నేర్చుకోవాలి. కోర్సు అయ్యే దాకా ఏ సామానూ కొనకు. ఈలోపు నేల మీద వింగ్ నిలబెట్టడం సాధన చెయ్యి. నా పాత వింగ్ ఒకటి ఉంది, ఎగరడానికి పనికిరాదు, సాధనకు బాగుంటుంది. మోటార్ లేకుండా రోజూ సాయంత్రం అరగంట చాలు. డబ్బు వద్దు, పార్సిల్ ఖర్చు ఇస్తే చాలు.

పరకాల_పోరగాడు
అక్కా, ఎంత మాట. అడ్రస్ మెసేజ్ పెడుతున్నా.

ఎస్సారెస్పీ_కాలువ
నేను నెలాఖరు ఆదివారం హన్మకొండలో పెళ్లికి వస్తున్నా, వెళ్తూ మీ బాబాయి మడి చూసిపోతా. దానికి ముందు నాలుగు దిక్కులా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు, 11 కేవీ లైను ఏ గెట్టు మీద పోతుందో గీత గీసి చూపించు.

జమ్మికుంట_పత్తి
పక్క రైతుల పేర్లు కూడా రాసిపెట్టుకో తమ్ముడూ. ఎస్సారెస్పీ అన్న వచ్చిన రోజే అందరినీ కలవొచ్చు, నేనూ వస్తా.